ఆంజనేయునికి బాపమ్మ పెట్టిన అర్జీ

కొండగట్టు మీద కొలువై, పిలిచినవాళ్ల కులమూ గుణమూ చూడకుండా పలికే స్వామికి ముందుగా నా నమస్కారం. సముద్రం దాటి వెళ్లి, ఏడుస్తూ కూర్చున్న తల్లికి చల్లని కబురు చెప్పిన రామదూతకు నమస్కారం. సంతోషంలో మరిచిపోయినా దుఃఖంలో మమ్మల్ని విడిచిపోని దయకు నమస్కారం. ఇది రాయడానికి నా చేతికి బలమిచ్చింది ఆయనే. ఇందులో మంచి ఉంటే ఆయనది, తప్పుంటే నాది.

మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పుడు జగిత్యాలలో ఉంటాను. వారానికొకసారి మా సత్సంగంలో పురాణం చదివి నలుగురికి అర్థం చెబుతాను. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆమె గుర్తుకొస్తుంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. కానీ నా చేత చదివించుకుని, విన్నదాన్ని నాకంటే బాగా పట్టుకునేది.

మాది సిరిసిల్ల. నేత కుటుంబం. తాత కాలంలో చేతిమగ్గాలు ఉండేవట. నాకు తెలివి వచ్చేసరికి ముందరి అర్రలో, అంటే గదిలో, నాలుగు సాంచలు ఆడుతుండేవి. మా వైపు మరమగ్గాలను సాంచలంటారు. గల్లీ గల్లీ అంతా అవే. వాటి చప్పుడులో పుట్టి, వాటి చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. ఎప్పుడైనా కరెంటు పోయి అవి ఆగితే ఉయ్యాలలో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

బాపమ్మ పొద్దున ఇంటి పని ముగించుకుని బయటికి పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాన్పు కష్టమైతే దవాఖానకు తోడు పోయేది. సాంచలు బందై పొయ్యి వెలగని ఇళ్ల కోసం, వెలిగే ఇళ్ల నుంచి పిడికెడు పిడికెడు బియ్యం అడిగి తెచ్చేది. ఆడవాళ్లు ఎవరైనా చనిపోతే పీనుగకు స్నానం చేయించి చీర కట్టేది. వితంతువుల పింఛను కోసం, కూలిన గోడల పరిహారం కోసం ఎవరెవరినో వెంటబెట్టుకుని తాసీల్దారు కచేరీ చుట్టూ తిరిగేది. బస్సు బోర్డులు, కాగితాలు చదవడానికి నన్ను తీసుకుపోయేది. బడి పోతుందని అమ్మ గొణిగితే, "బడి రేపు గూడ ఉంటదే. గా ముసల్ది రేపు ఉంటదో ఉండదో" అనేది.

శనివారం సాయంత్రం మా ఇంట్లో భజన. గల్లీలోని ఆడా మగా ఇరవై మంది దాకా వచ్చేవారు. భజన అయ్యాక, హారతికి ముందు, ఇంకెక్కడా నేను చూడని ఒక పద్ధతి ఉండేది. నాయన లేచిపోయి మా సాంచలు ఆపేవాడు. అటు ఇటు ఇళ్లవాళ్లకు కేక వేసేవాడు. వాళ్లూ ఆపేవారు. గల్లీ మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. అప్పుడు బాపమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఆ వారం ఎవరికి ఏ కష్టమొచ్చిందో పెద్ద గొంతుతో ఆంజనేయునికి చెప్పేది. దాన్ని ఆమె అర్జీ పెట్టడం అనేది. ఆ చప్పుడులో చెప్తే స్వామికి సరిగా వినబడదని ఆమె నమ్మకం.

"స్వామీ, మన గల్లీలనే. నల్లా పక్క రేకుల ఇల్లు. ముందరి అర్ర గాదు, ఎనుక అర్ర. ఆడ ముసలాయన పండుకున్నడు. మోకాలు నొప్పి. కుడిది. ఎడమది మంచిగనే ఉన్నది, దాన్ని ముట్టకు."

హార్మోనియం వాయించే తాత మా బాపమ్మకు మరిది వరుస. ఆమెను ఏడిపించకుండా ఉండలేడు.

"ఏం వదినె, స్వామికి పిన్‌కోడు గూడ చెప్పరాదు? ఇల్లు దొరకక తిరుగుతడేమొ!"

"నీకేమెరుక మరిది, కూసోని పెట్టె నొక్కుడు తప్ప! నేను కచేరి చుట్టు తిరిగినదాన్ని. ఊరు పేరు సక్కగ లేదని ఎన్ని అర్జీలు వాపసచ్చినయో నేను చూసిన."

"గది తాసీల్దారు కచేరి. గిది దేవునిది."

"ఏ కచేరికైన అర్జీ అర్జీయే. నువ్వు హారతి పాట అందుకో."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ ముసలాయన పక్క వారం కర్ర పట్టుకుని భజనకు వచ్చి కూర్చుంటే నవ్విన నోళ్లే రామ రామ అనేవి.

అవి అన్నల కాలం. అడవిలోకి పోయినవాళ్లను మా వైపు అన్నలు అనేవారు. పోలీసు జీపు గల్లీలోకి వస్తే తలుపులు వాటంతట అవే మూతపడేవి. ఫలానా ఊరిలో ఫలానా వాళ్ల కొడుకు అడవికి పోయాడట అని చెవుల్లో చెప్పుకునేవారు. బయట ఎవరూ ఎవరి పేరూ ఎత్తేవారు కాదు. చాయ్ హోటల్‌లో పక్క బల్ల మీద కూర్చున్నది ఎవరో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో కండెలు చుట్టడానికి ఒక ఆమె వచ్చేది. సాంచలో పెట్టే నూలును చిన్న గొట్టాలకు చుట్టడమే కండెలు చుట్టడం. ఆమెది చందుర్తి దగ్గర పల్లె. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. ఒక్కతే బిడ్డ. పదో తరగతి అయ్యాక ఆ పిల్ల అన్నలతో వెళ్లిపోయింది. ఆ తరువాత బిడ్డ ఎక్కడుందో చెప్పమని మాటిమాటికీ ఇంటికి మనుషులు వస్తుంటే భరించలేక, ఆ తల్లి ఊరు విడిచి మా గల్లీలో ఒక అర్ర కిరాయికి తీసుకుంది. ఈ సంగతి బాపమ్మకు తెలుసు. ఆమె దగ్గర విని నాకు తెలుసు. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని.

ఒక శనివారం పొద్దున అత్త కండెల రాట్నం ఆపి, బాపమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను.

"అవ్వా, నా బిడ్డకు జరమట. పదిహేను దినాలాయె. కోరుట్లల మా చెల్లె ఇంట్ల దిగబెట్టి పోయిండ్రట. లేస్తలేదు, తింటలేదు."

"దవాఖానకు తీస్కపోవద్దా?"

"ఎట్ల తీస్కపోతరు అవ్వా? నేను పోదామన్న నా ఎంబడి ఎవలన్న అస్తరని బుగులు. నువ్వు స్వామికి చెప్పు. ఇంకెవ్వలకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

"ఛీ, కాళ్లు ముట్టకు. ఎవ్వలకు చెప్ప. స్వామికి చెప్త."

బాపమ్మ మాట తప్పలేదు. ఆ పగలంతా నాయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. నన్ను కూడా నోరు మూసుకొమ్మని కళ్లతోనే బెదిరించింది. సాయంత్రం భజన అయింది. సాంచలు ఆగాయి. గల్లీ నిశ్శబ్దమైంది. బాపమ్మ కళ్లు మూసుకుంది.

మోకాలి నొప్పులు, పిల్లల దగ్గులు, తాగివచ్చి కొట్టే మొగుళ్లు అన్నీ అయ్యాక ఆమె గొంతు కొంచెం మారింది.

"స్వామీ, ఇంకొకటున్నది. మన కండెలు చుట్టే పిల్ల బిడ్డ." ఆ అమ్మాయి పేరు, ఇంటిపేరు చెప్పింది. "కోరుట్లల ఉన్నది. బీడీల కార్ఖాన ఎనుక గల్లీ, సిన్నమ్మ ఇంట్ల. అడివిల పట్టుకున్న జరం. పదిహేను దినాల సంది దిగుతలేదు. పసి పాణం. దాని జరం తియ్యి స్వామీ. బువ్వ తినబెట్టు."

హార్మోనియం తాత చేయి మెట్ల మీద అలాగే నిలిచిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త ముఖం నాకు కనిపించింది. రక్తం లేని ముఖం. ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయింది. మా కిటికీలు తెరిచి ఉన్నాయి. ఎదురుగా చాయ్ హోటల్. అందులో ఆ సాయంత్రం ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

హారతి అయ్యాక నాయన బాపమ్మ చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"అమ్మా, ఏం మాట్లాడినవే?"

"స్వామితోని మాట్లాడిన."

"గిరవై మంది ఉన్నరు. గల్లీ గల్లీ ఇన్నది."

ఆమె మా నాయన ముఖం వైపు చాలాసేపు చూసింది. అర్జీ పెట్టేటప్పుడు ఆ గదిలో తానూ స్వామీ తప్ప ఇంకెవరూ ఉన్నట్టు ఆమె ఎన్నడూ అనుకోలేదు. అది అప్పుడు ఆమెకు తెలిసివచ్చింది.

వెంటనే అత్త అర్ర దగ్గరికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. తలుపు గడియ పెట్టి ఉంది.

"బిడ్డా, తలుపు తియ్యి. నేను పోత కోరుట్లకు. పొద్దుగాల మొదటి బస్సుకే పోత. పిల్లను ఇంకో దిక్కు పెట్టిస్త."

లోపలి నుంచి మాట వచ్చింది. "నువ్వింక ఏం జెయ్యకు అవ్వా. నీకు దండం పెడత, ఏం జెయ్యకు."

ఆ మాటతో బాపమ్మ కోరుట్లకు పోలేదు. ఆదివారం గడిచింది. సోమవారం గడిచింది. మంగళవారం పొద్దున కోరుట్లలో ఆ ఇంటి ముందు నంబరు లేని జీపు ఆగిందని తరువాత తెలిసింది. గురువారం పేపర్లో గుట్టల్లో ఎదురుకాల్పులని వచ్చింది. ఆ పిల్ల శవం జగిత్యాల దవాఖానలో ఉంది.

అత్త, ఆమె పల్లె నుంచి వచ్చిన ఇద్దరు, నేను, బాపమ్మ, అందరం ఒకే బస్సులో వెళ్లాం. బాపమ్మను ఎవరూ రమ్మనలేదు. ఆమె తన సంచిలో కొత్త చీర, పసుపు, కుంకుడుకాయలు పెట్టుకుని ఎప్పటిలాగే బస్సెక్కింది. దారి పొడవునా అత్త ముందు సీటులో తల తిప్పకుండా కూర్చుంది.

దవాఖాన వెనక ఒక చిన్న గది. బయట నల్లా. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాక లోపలికి వెళ్లమన్నారు. బాపమ్మ సంచి విప్పి గడప దగ్గరికి నడిచింది. అత్త అడ్డం నిలబడింది. అరవలేదు. చాలా మెల్లగా అంది.

"నువ్వు ముట్టకు."

ఎందరు ఆడబిడ్డలకు చివరి స్నానం చేయించిన చేతులో అవి. బాపమ్మ సంచిని గడప మీద పెట్టి వెనక్కి వచ్చింది. అక్కడున్న బకెట్ తీసుకుని నల్లా కింద పెట్టింది. నీళ్లు నిండాక మోసుకుపోయి గడప దగ్గర ఉంచింది. లోపల అత్తా, కోరుట్ల నుంచి వచ్చిన ఆమె చెల్లెలూ స్నానం చేయిస్తున్నారు. ఖాళీ బకెట్ బయటికి వస్తే మళ్లీ నింపి తెచ్చింది. లోపలికి తొంగి చూడలేదు. నేను సాయం పట్టబోతే వద్దంది. సంచిలోని చీర అలాగే తిరిగి వచ్చింది. అత్త వేరే చీర తెచ్చుకుంది.

పోలీసులకు చెప్పింది ఎవరో ఎవరికీ తెలియదు. కోరుట్ల గల్లీలో ఎవరైనా చూసి ఉండవచ్చు. ఆ పిల్లను దింపిన మనుషులే ఎక్కడో దొరికి ఉండవచ్చు. ఇవన్నీ నాయన చెప్పాడు, హార్మోనియం తాత చెప్పాడు. "వదినె, నీ మూలంగ గాదు" అని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. బాపమ్మ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. "నా నోరే" అనేది.

అత్త అర్ర ఖాళీ చేసి పల్లెకు వెళ్లిపోయింది. శనివారం భజన ఆగలేదు. సాంచలు ఆపేవాళ్లు, అందరూ బాపమ్మ వైపు చూసేవారు. ఆమె చేతులు జోడించేది, పెదవులు తెరిచేది, మళ్లీ మూసేది. మూడు నాలుగు వారాలకు నాయన సాంచలు ఆపడం మానేశాడు.

కాన్పులకు పోవడం, బియ్యం అడగడం, చనిపోయినవాళ్లకు స్నానం చేయించడం, ఏదీ ఆమె విడువలేదు. ఒకరి కోసం స్వామిని అడగడం ఒక్కటే మానేసింది. ఎవరైనా వచ్చి "మా కోసం జెర చెప్పు అవ్వా" అంటే, "మీరే చెప్పుకోండ్రి, ఆయన అందరి మాట ఇంటడు" అని పంపేసేది.

ఒకసారి వంటింట్లో నాతో అంది. "నా అర్జీ ఆళ్లకు ముట్టింది బిడ్డా. స్వామికి ముట్టిందో లేదో ఎట్ల తెల్వాలె?"

అప్పటికి నేను పురాణం బాగా చదువుతున్నాను. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర వినగానే ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తి వచ్చిన దేవుడి గురించి ఉత్సాహంగా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నువ్వు సదివింది నిజమే. ఏనుగు సంగతి గాదే నేనడిగేది. గా పిల్ల సంగతి."

నా పెళ్లయి జగిత్యాల వచ్చాను. పిల్లలు పుట్టారు. జీపులు తగ్గాయి, భయం కూడా కొంత తగ్గింది. ఈ మధ్యలో బాపమ్మ రెండుసార్లు అత్త పల్లెకు వెళ్లి వచ్చింది. అత్త మంచినీళ్లు ఇచ్చిందట. చాప వేసిందట. ఒక్క మాట మాట్లాడలేదట.

చివరికి బాపమ్మ మంచం పట్టింది. చూడటానికి సిరిసిల్ల వెళితే చర్మం, ఎముకలు మిగిలాయి. చుట్టూ కూర్చుని మేము నామం చెబుతుంటే గోడ వైపు తిరిగేది. జీవితమంతా నామం మీద బతికిన మనిషి అలా తిరిగి పడుకుంటే నేను ఓర్చుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే వేములవాడ వెళ్లి, అక్కడ చందుర్తి బస్సెక్కాను. అత్త కాళ్లు పట్టుకునైనా తీసుకురావాలని.

అత్త పందిరి కింద ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మీ బాపమ్మ పోయిందా?"

"లేదత్తా. పోయేటట్టున్నది. ఒక్కసారి రా. తప్పయిపాయె, నీ నోటితోని ఒక్క మాట..."

"నేను రాను బిడ్డా. రాలేను." ఆకు మడిచి దారం చుట్టింది. "క్షమించిన అని చెప్పమంటవా? చెప్తే అబద్ధమైతది. గా ముసల్దానికి అబద్ధం చెప్ప."

నేను ఏడుస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఆమె చేతులు ఆగలేదు. తరువాత చాట పక్కన పెట్టింది.

"ఒకటి చెప్త, చెప్పుపో. గా శనివారం పొద్దుగూకినంక నా బిడ్డకు చెమటలు పోసినయట. జరం దిగిందట. మా చెల్లె చెప్పింది. గంజి తప్ప ముట్టనిది, ఐతారం పొద్దుగాల లేసి కూసోని, బువ్వ పెట్టుమని అడిగిందట."

నేను అడిగాను. "గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే ఆమెకు నిమ్మలమైతుండె." అత్త నా వైపు సూటిగా చూసింది. "నా కడుపు కాలుతుంటే ఆమెకు నిమ్మలమెందుకనుకున్న. రెండుమాట్ల అచ్చింది మీ బాపమ్మ. గీ సాప మీదనే కూసున్నది. నోటి దాకా అచ్చిన మాట మింగిన. దేవుడు నన్నేం జేస్తడో చేయనీ. పో, బస్సు పోతది."

సాయంత్రానికి సిరిసిల్ల చేరుకున్నాను. బాపమ్మకు మెలకువ ఉంది. ఆమె చెవి దగ్గర వంగి, అత్త చెప్పిన మాటలు చెప్పినట్టే చెప్పాను. క్షమించానని ఆమె అనలేదని కూడా చెప్పాను. బాపమ్మ దానికి తల ఊపింది, అది తెలిసిన సంగతే అన్నట్టు. జ్వరం దిగిన మాటకు మాత్రం కళ్లు పెద్దవయ్యాయి.

"గా శనివారమేనా?"

"గా శనివారమే."

"తిన్నదా?"

"తిన్నదట."

"ఏం తిన్నదట?"

అదృష్టవశాత్తూ బస్సు ఎక్కబోతూ నేను అడిగాను. నాతో రోడ్డు దాకా నడిచివచ్చిన అత్త చెప్పిన మాటే బాపమ్మకు చెప్పాను. "చింతపండు చారు, బువ్వ. మల్ల పెట్టిచ్చుకున్నదట."

"మల్ల పెట్టిచ్చుకున్నదా" అంది బాపమ్మ. ఆ మాటే రెండు మూడుసార్లు అంది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నేను తుడవబోతే వద్దని చేయి కదిపింది. తరువాత ఆ రెండు చేతులనూ ఎంతో కష్టం మీద దగ్గరికి తెచ్చుకుంది. పెదవులు కదిలాయి. చెవి ఆనించి వినాలనిపించింది. కానీ నేను వెనక్కి జరిగాను. అన్నేళ్ల తరువాత ఆమె అడిగింది ఎవరి కోసమో నాకు తెలియదు, తెలియనవసరం లేదు.

మరో రెండు రోజులకు ఆమె స్వామి దగ్గరికి వెళ్లిపోయింది. గల్లీ ఆడవాళ్లంతా నీళ్లు మోశారు. అత్త రాలేదు.

ఆ జ్వరాన్ని తీసిన స్వామి ఆ జీపును ఎందుకు ఆపలేదని నన్ను సత్సంగంలో ఒక తల్లి అడిగింది. నాకు తెలియదని చెప్పాను. తెలియకుండానే నమ్ముతున్నాను. ఆ పిల్ల ఆ రెండు రోజులు కడుపునిండా తిన్నదని తలుచుకుంటే నాకు ఏడుపు వస్తుంది, నమస్కారమూ వస్తుంది.

అత్త ఇంకా ఉంది. ముసలిదైంది, చూపు మందగించి బీడీలు చేయడం లేదు. ఇంతదాకా చదివిన మీరు ఏ పేరుతో దేవుణ్ని పిలిచేవారైనా సరే, నాతో పాటు ఒక్క క్షణం చేతులు జోడించండి. నాతో కలిసి ఇలా అనండి: తండ్రీ, ఆ తల్లి గుండెలో ఇన్నేళ్లుగా మండుతున్నదాన్ని చల్లార్చు. క్షమించలేకపోయినందుకు ఆమెను తప్పు పట్టకు. బిడ్డ దగ్గరికి నువ్వు పిలిచే రోజు దాకా ఆమెకు రెండు పూటలా ఆకలి పుట్టించు, తిన్నది ఒంటబట్టనివ్వు.